అన్నయ్యకు మతి నిలకడగా లేదు: పెన్షన్, పొలం ఎవరు చూడాలి? కోర్టు గార్డియన్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

తనయతీరం (పర్లాకిమిడి, ఒడిశా):
అందరికీ నమస్కారం. మా పెద్దన్నయ్య రిటైర్డ్ టీచరు, డెబ్బై దాటాయి. పక్షవాతం వచ్చాక కాలూ చెయ్యీ కొంత కోలుకున్నాయి గానీ బుర్ర కోలుకోలేదు. పొద్దున్న వదినను పేరు పెట్టి పిలుస్తాడు. సాయంత్రమయ్యేసరికి "ఈవిడెవరు, చీకటి పడుతోంది, వాళ్ళింట్లో దింపి రండి" అంటాడు.

పెన్షన్ ఖాతా ఆయన ఒక్కడి పేరునే ఉంది. విత్‌డ్రాయల్ ఫారం ముందు పెడితే ఇంటిపేరు రాసి ఆగుతాడు. మళ్ళీ ఇంటిపేరే రాస్తాడు. గీత చివరిదాకా ఇంటిపేరే. బ్యాంకువాళ్ళు కోర్టు కాగితం తెమ్మన్నారు. మందులకీ, పగటిపూట చూసుకునే మనిషికీ ఇప్పుడు నేనూ మా చెల్లెళ్ళూ తలో చెయ్యి వేస్తున్నాం.

ఊళ్ళో ఇల్లు అన్నయ్య పేరున ఉంది. వాన పడితే వెనక గది కారుతోంది. సరిహద్దు అవతల పాతపట్నం వైపు నాన్నగారి నాటి పొలం ఉమ్మడిగా ఉంది, కౌలుకిచ్చాం. దాన్ని కొంటామని ఒకాయన తిరుగుతున్నాడు. మా బావగారేమో "జనరల్ పవరాఫ్ అటార్నీ రాయించి వేలిముద్ర వేయించెయ్, అన్నీ నువ్వే చూసుకో" అంటున్నారు. వదినకు కోర్టు అంటేనే భయం. పిల్లకు సంబంధాలు చూస్తున్నాం, తండ్రికి మతి లేదని కోర్టు కాగితంలో రాస్తే నలుగురూ ఏమంటారోనని ఆవిడ టెన్షన్. ఏ కోర్టుకి వెళ్ళాలి? నేను గార్డియన్‌గా ఉండొచ్చా?

కొండదారి (గుణుపూర్):
అన్నా, కోర్టు మెట్లెక్కితే ఏళ్ళు పడుతుంది. మా వైపు చాలామంది వేలిముద్రతోనే కానిచ్చేస్తారు. ఇంట్లో గొడవల్లేనప్పుడు మీకెందుకీ తిప్పలు?

నల్లకోటు (బరంపురం):
గుణుపూర్ తమ్ముడు మంచి మనసుతోనే చెప్పాడు గానీ ఆ మాట వినకండి. నేను సివిల్ వైపు ప్రాక్టీసు చేస్తాను, అందుకే గట్టిగా చెబుతున్నాను.

1872 కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ ప్రకారం, తాను ఏం చేస్తున్నాడో, దానివల్ల తనకు మంచో చెడో తేల్చుకోగలిగినవాడే ఒప్పందం చేసుకోగలడు. అన్నయ్యగారు సాయంత్రం పూట భార్యనే గుర్తుపట్టడం లేదంటున్నారు. "పొద్దున్న బాగానే ఉంటాడు కదా, అప్పుడు వేయిద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. మనసు తేటగా ఉన్న వేళ చేసిన ఒప్పందం చెల్లుతుందని చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ అదే చట్టం 201వ సెక్షన్ చూడండి. అధికారం ఇచ్చిన మనిషి మతి తప్పితే ఆ అధికారం అక్కడితో ముగిసిపోతుంది. కొన్ని దేశాల్లో మతి పోయాక కూడా నిలిచే పవరాఫ్ అటార్నీ ఉంది, మనకు లేదు. మీకు ఏ రోజున అవసరమో ఆ రోజున ఆ కాగితం పనికిరాదు.

ఆ వేలిముద్రతో పొలం అమ్మితే కొన్నవాడి డబ్బూ ఇరుక్కుంటుంది, మీరూ ఇరుక్కుంటారు. మనిషి మతిలో లేడని కనిపిస్తే రిజిస్ట్రేషన్ నిరాకరించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ చెబుతోంది. అది దాటి ఎలాగో రిజిస్టరైనా, మతి లేని మనిషి విషయంలో దావా గడువు మామూలుగా నడవదు. లిమిటేషన్ చట్టం 6వ సెక్షన్ అది. ఎప్పుడో ఆయన పిల్లలు కోర్టుకెక్కితే మీ ముసలితనంలో మీరు బోనులో నిలబడాలి.

ఏ కోర్టు అని అడిగారు. పూర్వం 1912 నాటి లూనసీ చట్టం ఉండేది. దాని స్థానంలో 1987 మెంటల్ హెల్త్ చట్టం వచ్చింది. జిల్లా కోర్టు విచారణ జరిపి మనిషికి గార్డియన్‌నీ, ఆస్తికి మేనేజర్‌నీ నియమించే పద్ధతి అందులో వివరంగా ఉండేది. దాన్ని రద్దుచేసి తెచ్చిన 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం వైద్యం గురించి, రోగి హక్కుల గురించి బాగా చెప్పింది గానీ ఆస్తి నిర్వహణ అధ్యాయాన్ని వదిలేసింది. బ్యాంకులవాళ్ళు "మెంటల్ హెల్త్ చట్టం కింద ఆర్డర్ తెండి" అంటే జనం తికమక పడేది అందుకే.

ఇప్పుడు మీకున్న దారి 2016 వికలాంగుల హక్కుల చట్టం, 14వ సెక్షన్. జిల్లా కోర్టు పరిమిత గార్డియన్‌ని నియమించవచ్చు. ఫలానా పనికి, ఫలానా కాలానికి, ఆ మనిషి ఇష్టాన్ని కనుక్కుంటూ చేసే ఏర్పాటు అది. అంతకు మించిన సాయం అవసరమని తేలితే పూర్తి సాయం కూడా ఇవ్వొచ్చు, కాకపోతే దాన్ని కోర్టు మళ్ళీ సమీక్షించాలి. అన్నయ్యగారు ఉండేది పర్లాకిమిడిలో, గజపతి జిల్లా కోర్టూ అక్కడే ఉంది.

మీరు గార్డియన్‌గా ఉండకపోవడమే మంచిది. పాతపట్నం పొలంలో మీకూ వాటా ఉంది. అన్నయ్య వాటాను కాపాడాల్సినవాడు, అదే పొలంలో తన వాటా ఉన్నవాడు ఒక్కరే కాకూడదు. వదినగారు పిటిషన్ వేయాలి, మీరు సాక్షిగా నిలబడాలి.

తనయతీరం:
వకీలుగారూ, చట్టం అర్థమైంది. చివరి మాటే కొంచెం కష్టంగా ఉంది. నాన్నగారు పోయాక నా చదువు ఫీజులు కట్టింది అన్నయ్యే. ఆయన పొలం గట్టు మీద మట్టిబెడ్డ కూడా నాకొద్దు. ఇన్నాళ్ళూ కౌలు డబ్బు తెచ్చి వదిన చేతిలో పెడుతున్నది నేనే.

చెల్లి కోసం (ఇచ్ఛాపురం అవతల, గంజాం జిల్లా):
తనయతీరం గారూ, మీ మనసు ఎవరూ శంకించడం లేదు. మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చింది. నా చెల్లికి పుట్టుక నుంచీ బుద్ధిమాంద్యం. అమ్మ పోయాక నాన్నగారు గార్డియన్, ఆయన తర్వాత నేను. మీలాంటి మంచి తమ్ముడున్న ఇంట్లో కూడా లెక్క అందరి ముందూ ఉంటేనే రేపు మీ అబ్బాయికీ అన్నయ్య కొడుక్కీ మధ్య మాట రాదు. మీరు తప్పుకోవడం అన్నయ్యను వదిలెయ్యడం కాదండీ.

మా దారి వేరు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీయే గార్డియన్‌ని నియమిస్తుంది, కోర్టు అక్కర్లేదు. మీ అన్నయ్యగారిది పెద్ద వయసులో వచ్చిన మతిమరుపు, అది ఆ చట్టంలోకి రాదు. ఎవరైనా ఆ దరఖాస్తు పెట్టమంటే పెట్టకండి, కాలం వృథా. కానీ ఆ చట్టంలో ఒక పద్ధతి మీరూ పాటించండి. గార్డియన్ అయినవాళ్ళు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోపు ఏటా లెక్క చూపాలి. నేను చెల్లి కోసం ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాను. ఎడమవైపు వచ్చినది, కుడివైపు పోయినది, మందుల చీటీ పక్కనే పిన్ను కొట్టి ఉంటుంది. చెప్పుల జత కొన్నా రాస్తాను.

భాష గురించి కూడా చెప్పాలి. విచారణ రోజున అధికారి చెల్లిని ఒడియాలో అడిగారు. అది తల వంచుకుని కూర్చుంది. మా ఇంట్లో తెలుగే, బడికి సరిగా వెళ్ళలేదు, ఒడియా దానికి వినపడుతుంది గానీ రాదు. "సార్, తెలుగులో అడగనివ్వండి" అన్నాను. ఆయన వెంటనే సరేనన్నారు. పది రూపాయల నోటు చూపించి "ఇది దేనికే?" అని అడిగితే "టీకి. బన్ను రాదు" అంది. అంటే దానికి పది రూపాయల విలువ తెలుసు, వందల లెక్క తెలియదు. ఆయన అదీ కాగితం మీద రాయించారు. ఎంతవరకు తెలుసో అంతవరకు దాని చేతిలోనే ఉంచమని ఉత్తర్వులో వచ్చింది. ఇప్పటికీ చిల్లర డబ్బులు దాని జేబులోనే ఉంటాయి. మీ అన్నయ్యను ఒడియాలో అడిగినా జవాబు చెప్పగలరేమో, టీచరుగారు కదా. అయినా మతి తగ్గినప్పుడు ముందు జారిపోయేది తర్వాత నేర్చుకున్న భాషే అని డాక్టరు మాతో అన్నారు. తెలుగులో అడగమని ముందే పిటిషన్‌లో కోరండి.

వార్డు నర్సు (జయపురం):
ఆ భాష సంగతి వార్డులో మేమూ చూస్తుంటాం. ఒడియాలో అడిగితే "తికమకగా ఉన్నాడు" అని రాసుకున్న పేషెంటు తెలుగులో అడిగితే ఊరూ పేరూ చెబుతాడు.

కోర్టుకి వెళ్ళేముందు ఒకటి చేయించండి. మతిమరుపంతా తిరిగిరానిది కాదు. థైరాయిడ్ తక్కువైనా, బీ12 తక్కువైనా, లోపల దిగులు ముదిరినా పెద్దవాళ్ళు ఇలాగే అవుతారు. రక్తపరీక్షలు, స్కాను చూసి న్యూరాలజిస్టో సైకియాట్రిస్టో రాసిన కాగితం ఉండాలి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి తీసుకెళ్ళొచ్చు. వైకల్య ధ్రువపత్రానికి, యూ.డి.ఐ.డి. కార్డుకి (వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే గుర్తింపు కార్డు) కూడా దరఖాస్తు పెట్టండి, కోర్టులో పనికొస్తుంది.

ఇంకోటి. 2017 చట్టంలో నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అని ఉంటుంది. వైద్యం విషయంలో రోగికి తోడుగా నిర్ణయం తీసుకునే మనిషి. ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకి వెళ్ళినవాళ్ళున్నారు. డబ్బు మీద దానికి ఏ అధికారమూ లేదు.

కౌంటర్ వెనక (రాయగడ):
నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. తనయతీరం గారికి బ్యాంకు మీద కోపం ఉండొచ్చు, కానీ కౌంటర్ వెనక మనిషి భయం కూడా తెలియాలి. ఈ రోజు తమ్ముడికి ఇస్తే రేపు కొడుకు వచ్చి "మా నాన్నకు మతి లేదని తెలిసీ ఎలా ఇచ్చారు" అంటాడు.

మతి ఉండి ఒళ్ళు సహకరించని పెన్షనర్ సంగతి వేరు. చేతి వేలిముద్ర గానీ కాలి వేలిముద్ర గానీ ఇద్దరు సాక్షుల ముందు తీసుకుని డబ్బు ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు సూచనలున్నాయి. ఆ ఇద్దరిలో ఒకరు బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి. మంచం మీదున్నవాళ్ళకు అది పెద్ద ఆసరా. కానీ ఆ వేలిముద్ర ఎందుకో తెలియని మనిషికి అది వర్తించదు.

లైఫ్ సర్టిఫికెట్ మాత్రం ఆపకండి. బతికి ఉన్నాడని చూపడానికి మతితో పనిలేదు. నవంబర్‌లో ఇవ్వాలి. కేంద్ర పెన్షనర్లలో ఎనభై దాటినవాళ్ళకైతే అక్టోబర్ నుంచే తీసుకుంటారు. ఇంటికి వచ్చి చూడమని బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి కూడా జీవన్ ప్రమాణ్ (డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) చేయొచ్చు. ఇది తప్పితే పెన్షన్ ఆగిపోతుంది, రేపు ఆర్డర్ వచ్చేనాటికి ఖాతాలో కొత్తగా డబ్బు పడి ఉండదు.

ఇది చదివే మిగతావాళ్ళకు నా మనవి. పెన్షన్ ఖాతా భార్యాభర్తల జాయింటు పేరున ఉంచుకోండి, మతి బాగున్నప్పుడే. ఇప్పుడు తనయతీరం గారి అన్నయ్య ఖాతాలో వదినగారి పేరు చేర్చడానికి కూడా ఆయన సమ్మతి కావాలి, అది ఇవ్వగల స్థితిలో ఆయన లేరు.

ప్రాణహిత (సిరోంచ):
నాది మహారాష్ట్ర వైపు. నా భర్తకు రోడ్డు ప్రమాదం తర్వాత స్పృహ రాలేదు. ఊపిరి ఉంది, అంతే. ఆసుపత్రి బిల్లు కట్టాలంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆయన పేరున ఉంది. కోమాలో ఉన్నవాళ్ళ గురించి ఏ చట్టంలోనూ నేరుగా లేదని లాయరు చెప్పి హైకోర్టుకు వెళ్ళమన్నారు. మాకు బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి.

కేరళ హైకోర్టు 2019లో శోభా గోపాలకృష్ణన్ కేసులో కోమా రోగుల గార్డియన్ కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. మెడికల్ బోర్డు చూడాలి, అందులో న్యూరాలజిస్టు ఉండాలి. తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి ఇంటికొచ్చి కుటుంబం, ఆస్తి వివరాలు రాసుకోవాలి. గార్డియన్ ఆరునెలలకోసారి కోర్టుకు లెక్క చెప్పాలి. 2020లో బొంబాయి హైకోర్టు కూడా ఒక భార్యను కోమాలో ఉన్న భర్తకు గార్డియన్‌గా నియమించింది. మా లాయరు ఆ రెండు తీర్పులూ జతచేశారు.

వదినగారికి నా మాటగా చెప్పండి. నన్నూ మా వీధిలో అన్నారు, మొగుడు బతికుండగానే ఆస్తికోసం కోర్టుకెళ్ళింది అని. అన్నవాళ్ళెవరూ ఒక్క ఇంజెక్షన్ కొనివ్వలేదు. పిటిషన్‌లో రాసేది జబ్బు పేరు. అది బీపీ అని రాసినట్టే. పిల్ల సంబంధం వాళ్ళకి మీరే ముందు చెప్పేయండి, పక్కింటివాళ్ళు చెప్పేకంటే అది గౌరవం.

కొండదారి (గుణుపూర్):
అక్కా, మీ పోస్టు మా అమ్మకు చదివి వినిపించాను. మా ఇంట్లోనూ ఒక సంగతుంది. మా చిన్నాన్నకు చిన్నప్పటి నుంచి మనసు బాగోదు. తాతగారి ఆస్తి పంచుకున్నప్పుడు "వాడికెందుకు వాటా, తిండి పెడతాం కదా" అని పేరు రాయలేదు. అది చెల్లుతుందా?

నల్లకోటు:
చెల్లదు. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ చదవండి. ఏ జబ్బు, ఏ లోపం, ఏ అంగవైకల్యం కారణంగానూ వారసత్వం పోదు. తిండి పెట్టడం వాటాకు బదులు కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్, 15వ రూల్ ప్రకారం ఆయన తరఫున నెక్స్ట్ ఫ్రెండ్‌గా ఇంకొకరు పంపకం దావా వేయొచ్చు. ముందు పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడండి. ఈ సెక్షన్ చూపిస్తే సగం ఇళ్ళలో అక్కడే తేలిపోతుంది.

ఖర్చు గురించి ఎవరూ అడగలేదు గానీ చెబుతాను. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్ళకూ వైకల్యం ఉన్నవాళ్ళకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఫోన్ నంబరు 15100. వదినగారు వెళ్ళి అడగడమే.

తనయతీరం గారూ, పిటిషన్‌లో కోరేది కొంచెమే కోరండి. పెన్షన్ ఖాతా నడపడం, మందులు, పనిమనిషి జీతం, ఇంటి కప్పు మరమ్మతు, కౌలు డబ్బు తీసుకుని రసీదు ఇవ్వడం. పొలం అమ్మకం అసలు రాయకండి. అమ్మే అనుమతి కూడా ఒకే కాగితంలో అడిగితే జడ్జిగారికి మొదట కలిగేది అనుమానమే, అది సహజం. ఎప్పుడైనా అన్నయ్యగారి వైద్యానికే అమ్మాల్సివస్తే అప్పుడు ధర, కారణం, ఆ డబ్బు ఎక్కడ వేస్తారో చెప్పి విడిగా అనుమతి తీసుకోవచ్చు. మందులకు తొందర కాబట్టి పెన్షన్ వరకు మధ్యంతర ఉత్తర్వు కూడా అడగండి.

తనయతీరం:
అందరికీ దండాలు. నిన్న మా ఇంట్లో అందరం కూర్చున్నాం. చెల్లెళ్ళిద్దరూ వచ్చారు, అన్నయ్య కొడుకు బెంగళూరు నుంచి వీడియోలో ఉన్నాడు. ప్రాణహిత గారి పోస్టు వదినకు చదివాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నేనే వేస్తాను" అన్నారు. చెల్లెళ్ళు అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇస్తారు. కొనడానికి తిరుగుతున్నాయనకు ఇప్పుడు అమ్మేది లేదని చెప్పేశాం. బావగారికి కోపం వచ్చింది, తగ్గుతుంది. కౌలు డబ్బు ఇకనుంచి నా చేతిమీదుగా కాకుండా కౌలుదారే వదిన దగ్గరకు తెచ్చి ఇచ్చేటట్టు మాట్లాడాను. పొడుగు నోటుబుక్కు మా అన్నయ్య కూతురు మొదలుపెట్టింది.

అన్నయ్యను కూడా కూర్చోబెట్టి అడిగాం. పెన్షన్ వదిన తెస్తే సరేనా అంటే "ఇన్నాళ్ళూ ఎవరు తెచ్చార్రా?" అన్నాడు. ఇల్లు బాగుచేయించాలి అంటే మాత్రం "వెనక గది ముందు" అన్నాడు స్పష్టంగా. అది పిటిషన్‌లో రాయొచ్చా? పొలం ఆంధ్రాలో ఉంది కాబట్టి దాన్ని ఇక్కడి కోర్టు జాబితాలో చూపాలా?

నల్లకోటు:
తప్పకుండా రాయండి. ఆయన ఇష్టం కనుక్కున్నారనడానికి అంతకంటే మంచి మాట లేదు. తెలుగులో ఆయన అన్నది అన్నట్టే రాయించి, కింద ఇంగ్లీషు అనువాదం పెట్టించండి.

పొలం జాబితాలో చూపాలి, ఏదీ దాచకూడదు. సర్వే నంబరు, విస్తీర్ణం, అందులో అన్నయ్యగారి వాటా ఎంతో, కౌలు ఎంతో రాయండి. ఆంధ్రా వైపు భూమి రికార్డులైన అడంగల్, వన్‌బీ నకళ్ళు తీయించండి. ఇక్కడి ఇంటికి ఖతియాన్ (ఒడిశాలో భూమి హక్కుల రికార్డు) నకలు. ఉత్తర్వు వచ్చాక సర్టిఫైడ్ కాపీలు ఎక్కువ తీసుకోండి, బ్యాంకు ఒకటి ఉంచుకుంటుంది, అవతలి రెవెన్యూ ఆఫీసులో ఇంకొకటి అడుగుతారు.

వార్డు నర్సు (జయపురం):
విచారణ పొద్దున్న పూట పెట్టమని అడగండి. ఇలాంటివాళ్ళకు సాయంత్రం ముదురుతుంది. టిఫిను, మందులు అయ్యాకే బయల్దేరండి, కళ్ళజోడు మరిచిపోకండి. వదినగారు ఆయనకు కనబడేటట్టు కూర్చోవాలి.